చల్లటి రొయ్యల కాక్‌టెయిల్: ఏ రొయ్య కొనాలి, ఎట్లా ఉడికించాలి, ఏ సాస్ కలపాలి

మా తమ్ముడికి నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రెండు రొయ్యల గుంటలున్నాయి. పట్టుబడి అయి ఐసు పెట్టెల్లో లారీ ఎక్కే రొయ్య చాలావరకు అమెరికాకు పోతుందని ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. అక్కడివాళ్ళు దాన్ని ఎట్లా తింటారో మాత్రం చాలాకాలం మాకెవరికీ తెలియదు. మనకు పులుసు, వేపుడు, ఇగురు, మామిడికాయ రొయ్యలు. అక్కడ పండగ విందుల్లో అన్నిటికంటే ముందు వచ్చేది చల్లటి రొయ్యల కాక్‌టెయిల్. రొయ్యను ఉప్పునీళ్ళలో ఉడికించి, ఐసులో చల్లబరిచి, పులుపూ ఘాటూ ఉన్న టమాటా సాస్‌లో ముంచుకుని తింటారు. పేరులో కాక్‌టెయిల్ ఉన్నా మద్యం చుక్క కూడా ఉండదు. ఈ మాట ముందే చెప్పకపోతే మా ఇంట్లో పెద్దవాళ్ళు గిన్నె వైపు కూడా చూడరు.

పులుసులో అయితే చింతపండూ కారమూ కలిసి రొయ్యలో ఉన్న చిన్న లోపాన్ని కప్పేస్తాయి. ఇక్కడ కప్పడానికి ఏమీ లేదు. రొయ్య వాసన, తీపి, కండ బిగువు అన్నీ నాలుక మీద విడివిడిగా తెలుస్తాయి. అందుకే ఈ వంటలో చెయ్యి తిరగడం కంటే ఎంపిక ముఖ్యం. నెల్లూరు, ఒంగోలు వైపు ఉన్నవాళ్ళకు ఆ ఎంపిక చేసుకునే వీలు దేశంలో చాలామందికంటే ఎక్కువ.

గుంట రొయ్యా, సముద్రపు రొయ్యా?

మార్కెట్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది వనామి. దీని పుట్టుక మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మన దేశంలో సాగుకు అనుమతి వచ్చింది 2009లో. అంతకుముందు మన గుంటల్లో టైగర్ రొయ్య పెంచేవాళ్ళు. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చి ఎందరో రైతులు చితికిపోయారు. ఈ రెండింటి రుచీ వేరు. టైగర్ కండ బిగువుగా ఉంటుంది, ఉడికితే ఎర్రటి చారలు తేలతాయి, రొయ్య రుచి గట్టిగా తగులుతుంది. వనామి కొంచెం తియ్యగా, మెత్తగా, సాధువుగా ఉంటుంది. పెంకు పల్చన కాబట్టి ఒలవడం తేలిక. ముంచుకుని తినే సాస్ ఘాటుగా ఉంటుంది కనుక ఆ తీపి దానికి బాగా జత కుదురుతుంది. టైగర్ దొరికితే సంతోషమే. దొరకలేదని వెలితి పడాల్సిన పని లేదు.

సముద్రపు రొయ్య రుచిలో అన్నిటికంటే మిన్న అని మైపాడు వైపు వాళ్ళు ఒట్టేసి చెబుతారు. నేనూ కాదనను. కానీ ఈ వంటకు దానితో రెండు చిక్కులున్నాయి. వలలో పడ్డవి ఒకే సైజులో ఉండవు, చిన్నవి ఉడికేసరికి పెద్దవి లోపల పచ్చిగానే ఉంటాయి. రెండోది కాలం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. సరిగ్గా చల్లటి తిండి మీదికి మనసు పోయే ఎండల్లోనే సముద్రపు సరుకు తగ్గిపోతుంది. కాబట్టి తేలిగ్గా దొరికేదీ, ఒకే సైజులో వచ్చేదీ గుంట రొయ్యే.

గుంట రొయ్య కొనేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఉప్పునీటి గుంటదా, బోరునీటి గుంటదా? ఉప్పదనం ఎక్కువ ఉన్న నీళ్ళలో పెరిగిన రొయ్య ఆ ఉప్పును తట్టుకోవడానికి ఒంట్లో అమైనో ఆమ్లాలు దాచుకుంటుంది. మనకు తీపిగా, కమ్మగా తగిలేది అదే. ఉప్పు తక్కువ నీళ్ళలో పెరిగింది చప్పగా ఉండొచ్చు, ఒక్కోసారి మట్టివాసన కూడా వస్తుంది. పులుసులో ఆ వాసన పోతుంది, ఐసు మీద పెట్టిన రొయ్యలో పోదు. మార్కెట్లో నాకు ఎప్పుడూ రొయ్యలు తూచే ఆమెను ఇదే అడిగాను. "ఇయ్యి ఉప్పుకాలవ పక్క గుంటయ్యి అక్కా, ఆ తట్టలోవి బోరు నీళ్ళయ్యి, నీకు దేనికి కావాల?" అంది. దేనికో చెబితే తనే తేల్చిపెట్టింది. అమ్మేవాళ్ళకు తెలుసు, మనమే అడగం.

ఒక్క నీలకంఠ రొయ్య మాత్రం ఈ వంటకు వద్దు. మంచినీటి రొయ్య అది. చనిపోయాక తలలోని జీర్ణరసాలు కండలోకి దిగి త్వరగా మెత్తబరుస్తాయి. అప్పుడే పట్టి తల తీస్తే ఇబ్బంది లేదు. అది మార్కెట్లో మన చేతిలో ఉండేది కాదు. ఇగురుకు ఉంచుకోండి.

కౌంటు లెక్క

కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 100 కౌంటు అంటే ఒక్కోటి 10 గ్రాములు, 40 కౌంటు అంటే 25, 30 కౌంటు అంటే 33. తల, పెంకు పోతే తినే కండ దాదాపు సగానికి కొంచెం ఎక్కువ మిగులుతుంది. 100 కౌంటు వేపుడుకు చాలా బాగుంటుంది. ఇక్కడ మాత్రం పనికిరాదు, వేళ్ళతో తోక పట్టుకుని ముంచుకోవడానికి అందదు, కన్ను మూసి తెరిచేలోగా ఉడికిపోతుంది. నా ఎంపిక 40 కౌంటు. 30 చూడ్డానికి గొప్పగా ఉంటుంది, ధరా గట్టిగానే ఉంటుంది, చుట్టాలు కొత్తవాళ్ళయితే అది కొనండి. మనిషికి ఆరు రొయ్యలు వేసుకుంటే 40 కౌంటు కిలో ఆరుగురికి సరిపోయి నాలుగు మిగులుతాయి. ఉడికిందో లేదో తెంచి చూడ్డానికి ఆ నాలుగు.

ఫ్రోజెన్ పాకెట్ మీద 31/40 అని ఉంటే దాన్ని మన కౌంటుతో కలిపి చూడకండి. ఆ లెక్క పౌనుకు, అంటే 454 గ్రాములకు, అదీ తల తీశాక. మన తలతో ఉన్న లెక్కలోకి మార్చుకుంటే దాదాపు 45 నుంచి 57 కౌంటు అవుతుంది.

తలతో ఉన్నవా, ఒలిచినవా, ఫ్రోజెనా?

ఇక్కడ నాకు రెండో ఆలోచన లేదు. తలతో, పెంకుతో ఉన్నవే కొనండి. తల చూస్తే తాజాదనం తెలుస్తుంది: ఒంటికి గట్టిగా అతుక్కుని ఉండాలి, పట్టుకుంటే వేలాడకూడదు, పెంకు మెరవాలి, సముద్రపు గాలి వాసన రావాలి. ముక్కుకు అమోనియా ఘాటు తగిలిందంటే పక్క తట్టకు పొండి. తల దగ్గర కాస్త నలుపు తేలడం వేరే సంగతి. అది కోసిన వంకాయ నల్లబడే లాంటి మార్పే, ఒక్క దాన్నిబట్టి పాడైందని అనుకోనక్కర్లేదు. అయినా ఈ వంటకు నలుపు లేనివే ఏరుకుంటాను.

"వొలిచి ఈమంటావా అక్కా?" అని అడుగుతారు. శ్రమ తప్పుతుందని మనకూ ఆశ పుడుతుంది. వద్దనండి. పెంకు ఉంటేనే ఉడికేటప్పుడు కండకు అడ్డు ఉంటుంది, రుచి నీళ్ళలోకి పోదు. తల మాత్రం ఇంటికొచ్చాక తీసి దాచుకోవాలి, దాని పని తర్వాత ఉంది. నల్ల నరం తీయడానికి పెంకు ఒలవక్కర్లేదు. కత్తెరతో వీపు మీద పెంకును తోక దాకా చీల్చి, పుల్లతో నరాన్ని లేపి లాగితే వచ్చేస్తుంది. తర్వాత తినేటప్పుడు ఆ చీలికే ఒలవడానికి దారి.

ఫ్రోజెన్ గురించి చెడ్డగా చెప్పను. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న మన పిల్లలకు అదే దిక్కు, మంచి పాకెట్ దొరికితే మూడు రోజుల ఐసు రొయ్య కంటే మేలు కూడా. పచ్చిది కొనండి, ముందే ఉడికించింది కాదు. దాన్ని ఉడికించే అదును మన చేతిలో లేదు. వెనకవైపు చిన్న అక్షరాల్లో రొయ్య, ఉప్పు తప్ప ఇంకేమున్నాయో చదవండి. ట్రైపాలీఫాస్ఫేట్ అనో, 451 అనో ఉంటే అది రొయ్య నీళ్ళు పట్టి ఉంచేందుకు కలిపింది. మూడేళ్ళ కిందట ఊరెళ్ళలేని ఒక పండక్కి అలాంటి పాకెట్ తెచ్చి చేశాను. చూడ్డానికి బొద్దుగా ఉన్నాయి, కొరికితే రబ్బరు, రుచి నీళ్ళు. సాస్ బాగున్నా గిన్నె అట్లాగే మిగిలిపోయింది. పాకెట్‌ను బల్ల మీద పెట్టి కరగనివ్వకండి, రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. ఒలిచిన ఫ్రోజెన్ రొయ్యకు అర కిలోకు ఒక చిన్న చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా పట్టించి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి కడిగేస్తే కండ బిగువు పుంజుకుంటుంది. తాజా గుంట రొయ్యకు ఈ సోడా అవసరం లేదు.

ఉడికించడం: నాలుగు దారులు

రొయ్య గులాబీ రంగుకు తిరగడాన్ని మనం ఉడికిన గుర్తుగా తీసుకుంటాం. పచ్చిరొయ్యలో ఆస్టాజాంతిన్ అనే ఎర్రరంగు ఒక ప్రొటీన్‌కు అతుక్కుని ఉండడం వల్ల బూడిద నీలంగా కనిపిస్తుంది; వేడికి ఆ ప్రొటీన్ విడిపోగానే ఎరుపు బయటపడుతుంది. ఇది పెంకు మీద ముందే జరుగుతుంది, లోపలి కండ ఉడికిందని దానర్థం కాదు. ఆకారం చూడండి. కొడవలిలా వంగితే చాలు, ఉంగరంలా చుట్టుకుపోతే మించిపోయినట్టు. తెంచి చూస్తే మధ్యలో గాజులాంటి పారదర్శకత ఉండకూడదు, తెల్లగా ఉండాలి. లోపల 63 డిగ్రీలు తగిలితే తినడానికి భద్రం.

పులుసు అలవాటుతో చాలామంది చేసేది తెర్లే నీళ్ళలో వేసి ఉడకబెట్టడం. పైన గట్టిపడ్డాకే లోపల ఉడుకుతుంది. పులుసులో అది చెల్లుతుంది, చల్లబరిచాక ఆ గట్టిదనం రెట్టింపుగా తెలుస్తుంది. ఈ దారి వదిలేయండి.

నేను చుట్టాలకు చేసేటప్పుడు పాటించేది: నీళ్ళు తెర్లించి, స్టవ్ ఆపేసి, అప్పుడు రొయ్యలు వేసి మూత పెట్టడం. కిలో రొయ్యకు మూడు లీటర్ల నీళ్ళు. ముందుగా ఆ తలలను నీళ్ళలో వేసి, కల్లుప్పు నాలుగు పెద్ద చెంచాలు, పది మిరియాలు, ఒక బిర్యానీ ఆకు, సగం నిమ్మకాయ చెక్క వేసి 20 నిమిషాలు సన్నటి మంట మీద కాగనివ్వండి. మా వైపు ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో పండే కల్లుప్పు దొరుకుతుంది, అదే వేస్తాను. నీళ్ళు రుచి చూస్తే సముద్రం గుర్తు రావాలి. తలలు తీసేసి, ఒకసారి గట్టిగా తెర్లించి, మంట ఆపి రొయ్యలు వదలండి. 40 కౌంటుకు నాలుగు నిమిషాలు, 30కి ఐదు. రొయ్యలు పడగానే నీళ్ళ వేడి 85 దరిదాపుల్లోకి దిగుతుంది, ఆ మెత్తటి వేడే మనకు కావాలి. మూడు లీటర్లకు బదులు లీటరు నీళ్ళు పెడితే వేడి మరీ పడిపోయి పచ్చిగా మిగులుతాయి. కాబట్టి గిన్నె పెద్దది తీసుకోండి.

మూడోది, చల్లనీళ్ళతో మొదలు పెట్టడం. రొయ్యలూ ఉప్పూ చల్లటి నీళ్ళలోనే వేసి, మధ్యస్థ మంట మీద కలుపుతూ 77 డిగ్రీలకు తేవడం. ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. ఇంతకంటే మృదువైన రొయ్య నేను తినలేదు. కానీ థర్మామీటర్ ఉండాలి, పక్కన నిలబడి ఉండాలి. ఇంటినిండా జనం ఉన్న రోజు ఇది కుదరదు.

నాలుగోది మన ఇడ్లీ పాత్ర. ఇద్దరికో ముగ్గురికో చేసుకునే రోజు నేను దీన్నే ఎంచుకుంటాను. రేకుల్లో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, ఆవిరి బాగా వచ్చాక లోపల పెట్టి నాలుగు నిమిషాలు. నీళ్ళు తగలవు కాబట్టి రొయ్య తీపి మొత్తం దానిలోనే ఉంటుంది. ఉప్పు పట్టదు, అందుకని ముందే చెంచా ఉప్పు రాసి పావుగంట ఉంచాలి. కుప్పగా పోస్తే మాత్రం కిందివి ఒకరకం, పైవి ఒకరకం అవుతాయి.

ఏ దారి పట్టినా తీసిన వెంటనే ఐసు నీళ్ళలో వేయాలి. లేకపోతే లోపలి వేడికే ఇంకా ఉడుకుతుంది. చేపలకు వాడే ఫ్యాక్టరీ ఐసు దిమ్మ కొట్టి వేయకండి, అది తాగే నీటితో చేసిందన్న నమ్మకం ఉండదు. ముందురోజు ఇంటి ఫిల్టర్ నీళ్ళతో రెండు గిన్నెలు గడ్డకట్టించి పెట్టుకోండి. ఐదు నిమిషాల తర్వాత తీసి, తోక వరకు పెంకు ఒలిచి, తడి గుడ్డతో కాదు పొడి గుడ్డతో అద్ది, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. తడి మిగిలితే సాస్ అంటుకోదు, జారిపోతుంది. పచ్చిరొయ్య పెట్టిన పళ్ళెం, కత్తెర కడగకుండా మళ్ళీ దీనికి తగలనివ్వద్దు.

సాస్: ఎరుపా, గులాబీనా?

అమెరికాలో ఎర్రది. కెచప్, తురిమిన హార్స్‌రాడిష్ వేరు, నిమ్మరసం, ఉస్టర్‌షైర్ సాస్, మిరప సాస్. ఇంగ్లండులో 1960లు, 70లలో ప్రతి విందులోనూ కనిపించింది గులాబీది. మయొనైజ్‌లో కెచప్ కలిపి, తరిగిన లెట్యూస్ మీద రొయ్యలు పెట్టి, పైన ఆ సాస్ పోసి గాజు గ్లాసులో ఇస్తారు. చిన్నపిల్లలుంటే గులాబీది నచ్చుతుంది, కారం ఉండదు. నాకు మాత్రం మయొనైజ్ కొవ్వు కింద మన రొయ్య తీపి అణిగిపోయినట్టు అనిపిస్తుంది. పైగా పచ్చిగుడ్డుతో ఇంట్లో చేసిన మయొనైజ్ ఎండాకాలం ప్రమాదం. 2024లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది కూడా. చేస్తే సీసాలో వచ్చే గుడ్డులేనిది వాడండి. గడ్డపెరుగు గుడ్డలో కట్టి వాడేవాళ్ళూ ఉన్నారు, రుచిగానే ఉంటుంది. కానీ నీచులో పెరుగు కలపకూడదనే ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి. అందరికీ వడ్డించే గిన్నెలో అది వేయకండి.

అయితే ఎర్ర సాస్‌కు హార్స్‌రాడిష్ ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్‌లో సీసాలు ఉన్నాయి. వసాబి పేస్టు అని అమ్మే గొట్టాల్లో చాలావరకు ఉండేది కూడా హార్స్‌రాడిషే, పచ్చరంగు కలిపి. రెండూ వాడి చూశాను, పనిచేస్తాయి. కానీ ముక్కుకు ఎక్కే ఆ ఘాటు ఏమిటో తెలుసుకున్నాక కొనడం మానేశాను. అది అల్లైల్ ఐసోథయోసయనేట్, మన ఆవాల్లో ఉన్న ఘాటు. ఆవపిండి కొట్టేటప్పుడు కళ్ళు మండించేదీ అదే. మునగచెట్టును ఇంగ్లీషులో హార్స్‌రాడిష్ చెట్టు అంటారు, దాని వేరు ఘాటును చూసి తెల్లవాళ్ళు పెట్టిన పేరు. అట్లాగని పెరట్లో మునగ వేరు తవ్వకండి, దాని బెరడులో విషపు ఆల్కలాయిడ్లు ఉంటాయి.

చిన్న ఆవాలు రెండు పెద్ద చెంచాలు, జార్ వేడెక్కకుండా ఆగి ఆగి మెత్తగా పొడి చేయండి. చల్లటి నీళ్ళు కలిపి ముద్ద చేసి పది నిమిషాలు మూత పెట్టండి. నీళ్ళు తగిలాకే ఎంజైము పనిచేసి ఘాటు పుడుతుంది. వేడినీళ్ళు పోస్తే ఆ ఎంజైము చచ్చి చేదు మాత్రం మిగులుతుంది. ఘాటు ముక్కుకు తగిలాక నిమ్మరసం పిండండి, పులుపు దాన్ని నిలబెడుతుంది. ముందే పిండితే ఘాటు సరిగా పుట్టదు. అందుకే ఈ వరుస మారకూడదు. సీసా హార్స్‌రాడిష్‌కూ దీనికీ తేడా లేదనను. వేరులో పీచు, కాస్త తీపి ఉంటాయి. ఆవలో నూనె కమ్మదనం, చిన్న చేదు ఉంటాయి. ఆవకాయ తిని పెరిగిన నాలుకకు ఆ చేదు అడ్డు రాదు.

కెచప్ కప్పు తీసుకుంటే ఈ ఆవముద్ద రెండు చెంచాలతో మొదలుపెట్టి పెంచుకోండి. మన కెచప్‌లు తీపి ఎక్కువ. అందుకని నేను సగం కెచప్, సగం ఇంట్లో దగ్గరగా ఉడికించి వడగట్టిన టమాటా గుజ్జు కలుపుతాను. పొదలకూరు, గూడూరు మార్కెట్ల నుంచి వచ్చే నిమ్మకాయలు ఉండగా పసుపు లెమన్ కోసం వెతకక్కర్లేదు, రెండు కాయలు పిండండి. ఉస్టర్‌షైర్ సీసా కొనాలా? దాని దినుసుల్లో చింతపండూ ఆంకోవీ చేపలూ ఉన్నాయి. చిక్కటి చింతపండు పులుసు ఒక చెంచా, బెల్లం చిటికెడు, మిరియాల పొడి, నాలుగు చుక్కలు సోయా సాస్ కలిపితే ఆ పని జరిగిపోతుంది. చేపల పులుసు పెట్టే ఇంట్లో ఇది చెప్పాల్సిన మాట కాదు. కారానికి ఎండుమిర్చి వెనిగర్‌లో నానబెట్టి నూరి వేయండి. పచ్చికారం చల్లితే పిండిపిండిగా తగులుతుంది. సాస్ చేసి గంటసేపు ఫ్రిజ్‌లో పెడితే రుచులు కలుస్తాయి, రాత్రంతా ఉంచితే ఆవ ఘాటు చల్లారుతుంది. కాబట్టి రొయ్యలు ముందురోజు, సాస్ అదేరోజు.

వడ్డించేటప్పుడు

గాజు గ్లాసులే కావాలని లేదు. స్టీలు గ్లాసులు అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, అడుగున సాస్ పోసి, అంచుకు రొయ్యలు తగిలిస్తే చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. జనం ఎక్కువైతే వెడల్పు పళ్ళెంలో ఐసు పరిచి దాని మీద ఇంకో పళ్ళెం. మన ఎండల్లో, 32 డిగ్రీలు దాటిన రోజు, బయట గంటకు మించి ఉంచకూడదు. ఒకేసారి అన్నీ పెట్టకుండా సగం ఫ్రిజ్‌లోనే ఉంచి రెండో విడత తీయండి. రొయ్య పడనివాళ్ళు ఉంటారు, ఆవ పడనివాళ్ళూ ఉంటారు, ముందే అడగండి.

మిగిలిన రొయ్యలను మర్నాడు పులుసులో వేయకండి, రెండోసారి ఉడికితే తోలులా అవుతాయి. సన్నగా తరిగిన పచ్చిమామిడి, ఉల్లిపాయ, ఆ ఎర్ర సాస్ రెండు చెంచాలు కలిపి అట్లాగే చల్లగా తినేయండి. తలలు కాచిన నీళ్ళు మాత్రం పారబోయొద్దు. ఉప్పగా ఉంటాయి కనుక మూడొంతులు మంచినీళ్ళు చేర్చి, టమాటా, వెల్లుల్లి, మిరియాలు వేసి చారు కాచండి, వేడన్నంలోకి.